ఎల్డెన్ రింగ్: క్లేమోర్‌కు రాళ్ళు ఖర్చు పెట్టాలా, దాచుకోవాలా?

మారతహళ్ళి_వీరుడు
ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌లో స్టార్మ్‌వేల్ కోట దాకా వచ్చి ఆగిపోయాను. వ్యాగబాండ్ అనే యోధుడి పాత్రతో మొదలుపెట్టాను, ఇప్పుడు లెవెల్ 38. స్ట్రెంత్ (బలం) 26, డెక్స్టెరిటీ (చురుకుదనం) 17, విగర్ (ప్రాణశక్తి) 20. చేతిలో క్లేమోర్ అనే పెద్ద కత్తి ఉంది, అప్‌గ్రేడ్ స్థాయి +3 మీద ఉంది. ఇంత లెవెల్ పెంచినా కోటలో మామూలు సైనికుడు కూడా ఒక పట్టాన పడడం లేదు. కోట చివరి బాస్ గాడ్రిక్ అయితే నా దెబ్బలను దెబ్బలుగానే లెక్కపెట్టడం లేదు.

సంచిలో మామూలు ఆయుధాలను పెంచే రాళ్ళు, స్మిథింగ్ స్టోన్ 2 రకం తొమ్మిది ఉన్నాయి. ప్రత్యేక ఆయుధాలను పెంచే సోంబర్ రాళ్ళు 1, 2, 3 ఒక్కొక్కటి ఉన్నాయి. బ్లడ్‌హౌండ్స్ ఫ్యాంగ్ అనే ప్రత్యేక కత్తి కూడా దొరికింది. నా గదిలో ఉండే మిత్రుడు ఒక్క రాయి కూడా ముట్టుకోవద్దంటాడు. ముందు ముందు ఇంతకంటే మంచి కత్తి దొరుకుతుంది, అప్పుడు రాళ్ళు ఉండవు అని అతని వాదన. ఆట అతనిది, కన్సోల్ అతనిది, కాబట్టి గట్టిగా ఎదురు చెప్పలేకపోతున్నాను. మీరు చెప్పండి, రాళ్ళు పెట్టాలా, దాచాలా?

సుత్తిదెబ్బ
పెట్టేయండి. ఈ రాత్రే పెట్టేయండి.

మీ కష్టానికి కారణం లెవెల్ కాదు, కత్తి. క్లేమోర్ లాంటి మామూలు ఆయుధం +25 దాకా వెళ్తుంది. +0 దగ్గర ఉన్న మూల బలం +25కి వచ్చేసరికి సుమారు రెండున్నర రెట్లు అవుతుంది. స్ట్రెంత్‌కు పది పాయింట్లు పోసినా అందులో ఒక చిన్న ముక్క కూడా రాదు, ఎందుకంటే కత్తి కింది స్థాయిలో ఉన్నప్పుడు దాని స్కేలింగ్ (మన గుణాల నుంచి కత్తికి వచ్చే అదనపు బలం) కూడా తక్కువగానే ఉంటుంది. అప్‌గ్రేడ్ చేస్తే మూల బలంతో పాటు స్కేలింగ్ కూడా పెరుగుతుంది. అంటే ఇప్పటికే మీరు పెట్టిన 26 స్ట్రెంత్‌కు అప్పుడు గానీ పూర్తి ఫలితం రాదు.

రాళ్ళసంచి
మిత్రుడు చెప్పిన మాటలో తప్పేముంది? ఒకసారి లెక్క చూడండి. మొదటి స్థాయికి 2 రాళ్ళు, రెండో స్థాయికి 4, మూడో స్థాయికి 6. ఒక్కో రకానికి మొత్తం 12. అలా ఎనిమిది రకాలు, అంటే 96 రాళ్ళు. చివరి +25కి ఏన్షియంట్ డ్రాగన్ స్మిథింగ్ స్టోన్ ఒకటి. ఒక కత్తికి ఇంత పోశాక ఆ కత్తి నచ్చకపోతే ఒక్క రాయి కూడా వెనక్కి రాదు. నేనైతే ఆల్టస్ ప్లాటూ అనే ప్రాంతం చేరే దాకా ఏదీ +6 దాటించను.

సుత్తిదెబ్బ
రాళ్ళసంచి గారూ, మీ లెక్క సరిగ్గా ఉంది. దానిలోంచి మీరు తీసిన నిర్ణయంతోనే నాకు పేచీ. ఆ 96లో కింది రకాలు శాశ్వతంగా కొరత కావు. గని బెల్ బేరింగులు అనే వస్తువులు తెచ్చి, మన స్థావరం రౌండ్‌టేబుల్ హోల్డ్‌లో దుకాణం నడిపే ట్విన్ మెయిడెన్ హస్క్స్‌కు ఇస్తే ఆ రాళ్ళను రూన్లతో (ఆటలో డబ్బూ, లెవెల్ పెంచేదీ అవే) ఎన్ని కావాలంటే అన్ని కొనుక్కోవచ్చు. మొదటి బేరింగ్‌తో 1, 2 రకాలు, రెండోదానితో 3, 4, మూడోదానితో 5, 6, నాలుగోదానితో 7, 8. అంటే ఈ రోజు ఆయన దాచుకుంటున్న తొమ్మిది రాళ్ళు రేపు దుకాణంలో సరుకు. ఇవి వచ్చే ఏడాది చల్లడానికి అట్టిపెట్టే విత్తనాల వడ్లు కావు.

మారతహళ్ళి_వీరుడు
తొమ్మిది రాళ్ళతో ఎంత దాకా వెళ్తుంది?

సుత్తిదెబ్బ
+4కి రెండు, +5కి నాలుగు. మొత్తం ఆరు. మూడు మిగులుతాయి. +6కి మరో మూడు దొరికితే చాలు.

నిదానమే_ప్రధానం
కత్తి సంగతి సరే, విగర్ 20 అని రాశారు, ఎవరూ పట్టించుకోలేదే! గాడ్రిక్ రెండు దెబ్బలు కొడితే మీ పని అయిపోతుంది. కత్తి ఎంత పదునైనా మీరు బతికి ఉంటేనే కదా ఊపేది. ముందు విగర్ 30 చేయండి, ఆ తర్వాత మెల్లగా 40కి తీసుకెళ్ళండి. 40 దాకా ప్రతి పాయింటుకూ మంచి ప్రాణం వస్తుంది, 60 దాటితే దాదాపు ఏమీ రాదు. స్ట్రెంత్ మీద ఇప్పుడు ఒక్క పాయింటు కూడా పెట్టకండి. క్లేమోర్ పట్టుకోవడానికి కావలసింది స్ట్రెంత్ 16, డెక్స్టెరిటీ 13 మాత్రమే, మీకు అవి ఎప్పుడో దాటిపోయాయి.

సుత్తిదెబ్బ
ఇందులో నాకూ ఆయనకూ తేడా లేదు. రూన్లు విగర్‌కు, రాళ్ళు కత్తికి. రెండూ ఒకదానికొకటి అడ్డం రావు కూడా.

బెళ్ళందూరు_బాణం
బ్లడ్‌హౌండ్స్ ఫ్యాంగ్ గురించి ఒక్కరూ మాట్లాడరేమిటి? దానికి సోంబర్ రాళ్ళు పడతాయి. ఒక్కో స్థాయికి ఒక్క రాయి, అంతే. ఆయన దగ్గర 1, 2, 3 ఉన్నాయి. మూడు రాళ్ళతో +3. సోంబర్ ఆయుధాలు +10 దగ్గర ఆగుతాయి కాబట్టి అది మామూలు కత్తి లెక్కలో +7, +8తో సమానం. పైగా రక్తస్రావం కూడా ఉంది. స్ట్రెంత్ 18, డెక్స్టెరిటీ 17 కావాలి, ఆయనకు సరిగ్గా సరిపోతాయి. ఇంకా ఆలోచన దేనికి?

రాళ్ళసంచి
బాణం గారి మాట నాకు నచ్చింది. మొత్తం పది రాళ్ళతో పూర్తయ్యే ఆయుధం వదిలేసి 97 రాళ్ళ దాని వెంట పడడం ఎందుకు?

సుత్తిదెబ్బ
ఎందుకంటే సోంబర్ ఆయుధానికి ఆష్ ఆఫ్ వార్ (ఆయుధానికి తగిలించే ప్రత్యేక విద్య) మార్చలేము, అఫినిటీ (ఏ గుణంతో దాని బలం పెరగాలో తేల్చే స్వభావం) మార్చలేము. దానితో వచ్చిందే దానికి దక్కింది. క్లేమోర్‌ను స్ట్రెంత్ వైపు మలిచే హెవీ చేయవచ్చు, డెక్స్టెరిటీ వైపు మలిచే కీన్ చేయవచ్చు, నిప్పు పెట్టవచ్చు, మంత్రం పెట్టవచ్చు. స్ట్రెంత్ మీదే పోదామనుకునేవారికి ఆ స్వేచ్ఛ పెద్ద విషయం. కానీ బాణం గారు చెప్పిన సమానత లెక్క మాత్రం నిజమే. ఇప్పుడు, ఈ వారంలో గాడ్రిక్‌ను దాటాలంటే ఫ్యాంగ్ +3 అతి తక్కువ ఖర్చు దారి.

వైట్‌ఫీల్డ్_వసంత
నాకు తెలిసినంత వరకు ఇక్కడ ప్రశ్న తప్పు చోట మొదలైంది. క్లేమోరా, ఫ్యాంగా అని ఎంచుకోవలసిన అవసరమే లేదు. ఒకటి మామూలు రాయి తింటుంది, ఇంకొకటి సోంబర్ రాయి తింటుంది. ఒకదాని తిండి ఇంకొకటి ముట్టుకోదు. రెండింటినీ సమానంగా పెంచుకుంటూ వెళ్ళవచ్చు. నేను అలాగే ఆడాను. ఒక మామూలు ఆయుధం, ఒక సోంబర్ ఆయుధం. ఏ బాస్‌కు ఏది సరిపోతే అది తీసేదాన్ని.

ఇంకొక విషయం. గాడ్రిక్‌ను కొట్టి తీరాలి, అప్పుడే తర్వాతి ప్రాంతం లియూర్నియా అని చాలామంది అనుకుంటారు. అవసరం లేదు. స్టార్మ్‌వేల్ కోట పక్కన కొండ అంచు వెంబడి దారి ఉంది, విరిగిన వంతెన దగ్గర నుంచి పోతుంది. గుర్రం మీద నేరుగా లియూర్నియాలో దిగవచ్చు. అక్కడ రాయా లుకారియా క్రిస్టల్ టన్నెల్ అనే గని ఉంది. దాని చివర ఉన్న క్రిస్టలియన్ అనే బాస్‌ను ఓడిస్తే మొదటి బెల్ బేరింగ్ దొరుకుతుంది. అది తెచ్చి హస్క్స్‌కు ఇచ్చారనుకోండి, 1, 2 రకాల రాళ్ళకు ఇక జీవితాంతం కొరత లేదు. క్లేమోర్ +6 అయిపోతుంది. ఆ తర్వాత తిరిగి వచ్చి గాడ్రిక్ ముందు నిలబడండి.

మా పాప నిద్రపోయిన తర్వాతే నాకు కన్సోల్ చేతికి వస్తుంది. అందుకే ఒకే బాస్‌తో రాత్రంతా గోడకు తల కొట్టుకోవడం నాకు కుదరదు. పక్క దారి ఉంటే వెళ్ళి బలం తెచ్చుకుంటాను. ఈ ఆటలో నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఆ వీలే.

మారతహళ్ళి_వీరుడు
వసంత అక్కా, ఈ దారి సంగతి నాకు అసలు తెలియదు. చాలా థ్యాంక్స్. క్రిస్టలియన్ కష్టమా?

వైట్‌ఫీల్డ్_వసంత
కోసే దెబ్బలు దాని మీద పెద్దగా పనిచేయవు, ఒళ్ళంతా స్ఫటికం. గద రకం ఆయుధం ఏదైనా ఉంటే ఆ ఒక్క పోరుకు తీసుకో తమ్ముడూ. లేకపోతే క్లేమోర్‌నే రెండు చేతులతో పట్టుకుని ఎగిరి కొట్టు, బరువైన దెబ్బలు నింపి కొట్టు. ఒకసారి మోకాళ్ళ మీద కూలిందంటే పైపొర పగిలిపోతుంది, ఆ తర్వాత మామూలుగానే తగులుతుంది.

మంత్రదండం
కత్తివాళ్ళందరూ కత్తుల గురించే మాట్లాడుకుంటున్నారు. మంత్రగాళ్ళకు కూడా ఇదే బాధ ఉందని ఎవరికైనా తెలుసా? దండాన్ని అప్‌గ్రేడ్ చేయకపోతే మంత్రం బలం పెరగదు. ఇంటెలిజెన్స్ ఎంత పెంచినా +0 దండంతో సగం ఫలితమే.

ఒక మినహాయింపు ఉంది. కేలిడ్ ప్రాంతంలో ఏయోనియా చిత్తడి నేలలో స్ట్రీట్ ఆఫ్ సేజెస్ శిథిలాల్లో మీటియోరైట్ స్టాఫ్ దొరుకుతుంది. దానిని అప్‌గ్రేడ్ చేయనే కుదరదు, కానీ దొరికిన క్షణం నుంచే ఇంటెలిజెన్స్ స్కేలింగ్ ఎస్, అంటే అన్నింటికంటే పై శ్రేణి. ఒక్క రాయి ఖర్చు లేకుండా సగం ఆట దాని మీదే నడిపాను. రాక్ స్లింగ్ మంత్రం కూడా అక్కడే నేలమాళిగలో ఉంటుంది, దండం దానికి అదనపు బలం ఇస్తుంది. రాళ్ళ లొల్లి లేని మార్గం ఇదే.

నిదానమే_ప్రధానం
ఆ చిత్తడిలో స్కార్లెట్ రాట్ అనే తెగులు పట్టి ఎంతమంది చచ్చారో కూడా చెప్పండి!

మంత్రదండం
గుర్రం దిగకుండా వెళ్ళాలి. శిథిలాల దగ్గర దిగగానే తీసుకుని బయటపడాలి. ఒకవేళ చచ్చినా దండం మీ సంచిలోనే ఉంటుంది, పోయేది రూన్లు మాత్రమే. అందుకే వెళ్ళేముందు రూన్లన్నీ ఖర్చు పెట్టి వెళ్ళండి.

కోరమంగళ_కొలిమి
ఈ చర్చ చదువుతుంటే 2011లో ఇదే తరహా ఆట డార్క్ సోల్స్ ఆడిన రోజులు గుర్తొస్తున్నాయి. అందులో మామూలు దారిలో కత్తి +15 దాకా వెళ్ళేది, అది కూడా ఆంద్రే అనే కమ్మరికి సరైన ఎంబర్ (కొలిమి నిప్పు) తెచ్చి ఇస్తేనే. ఎంబర్ ఎక్కడుందో తెలియకపోతే +5 దగ్గర ఆగిపోవడమే. తర్వాత 2015లో బ్లడ్‌బోర్న్ వచ్చింది, +10 చేయాలంటే బ్లడ్ రాక్ కావాలి, అది ఎంత అరుదో ఆడినవారికి తెలుసు. 2016లో డార్క్ సోల్స్ 3 కూడా +10 దగ్గరే ఆపింది. 2019లో సెకిరోలో అసలు కత్తికి అప్‌గ్రేడే లేదు. బాస్‌లను ఓడించి దక్కించుకున్న జ్ఞాపకాలతో దాడి బలం పెరిగేది, అంతే. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది, అందరి చేతిలోనూ ఒకే కత్తి, తేడా అంతా చేతిలోనే.

ఎల్డెన్ రింగ్ 2022లో వచ్చినప్పుడు +25 చూసి మొదట నాకు విసుగు వచ్చింది. ఒక్కో మెట్టు ఎంత చిన్నదో! +7 నుంచి +8కి వెళ్తే దెబ్బలో తేడా కంటికి ఆనదు. కానీ లోకం అంత పెద్దది కదా, మూల మూలకూ ఏదో ఒక చిన్న బహుమతి పెట్టాలి. గనిలోకి దిగినవాడికి గుప్పెడు రాళ్ళు దొరకాలి. ఆ కోణంలో చూస్తే 25 మెట్లు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది.

బెళ్ళందూరు_బాణం
మాన్‌స్టర్ హంటర్ వరల్డ్ అనే ఆటలో లాగా ఆయుధాన్ని వెనక్కి తగ్గించుకుని సామాను తిరిగి తీసుకునే వీలు ఇందులో కూడా ఉంటే ఈ చర్చే ఉండేది కాదు. అక్కడ కమ్మరి దగ్గర ఒక మెట్టు దిగితే వాడిన ముక్కలు తిరిగి వచ్చేవి, డబ్బు మాత్రమే పోయేది. కొత్త ఆయుధం ప్రయత్నించాలంటే భయం ఉండేది కాదు. ఎల్డెన్ రింగ్‌లో వందల ఆయుధాలు పెట్టి, వాటిని రుచి చూడనివ్వకుండా చేశారు. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం.

కోరమంగళ_కొలిమి
నేను ఒప్పుకోను. ఇచ్చింది వెనక్కి వస్తే ఇవ్వడానికి అర్థమే ఉండదు. నా క్లేమోర్ నాది అని నాకెందుకు అనిపిస్తుంది? దానికోసం మోర్న్ టన్నెల్‌లో గోడ గోడకూ తిరిగాను కాబట్టి.

బెళ్ళందూరు_బాణం
అది మీ అనుభూతి, దానికి విలువ ఇస్తాను. కానీ ఉద్యోగం చేసుకుంటూ ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ గంటలు గంటలు కూర్చుని ఇంటికి వచ్చేవాడికి ఉండే సమయం ఎంత? ఆ కాస్త సమయంలో ఒక ఈటె పట్టుకుని చూడాలంటే ముందు రాళ్ళ వేట చేయాలి. బాగుందో లేదో తెలుసుకోవడానికే అంత ధర పెట్టకూడదు.

వైట్‌ఫీల్డ్_వసంత
దీనిలో నేను బాణం గారి వైపు. కానీ బెల్ బేరింగులు ఉన్నాక ఆ ధర రూన్లలోకి మారుతుంది. రూన్లు సంపాదించడం గనులు తవ్వడం అంత కష్టం కాదు. కొత్త ఆయుధం +6 దాకా కొని పెంచి చూసేంత రూన్లు లియూర్నియా దాటినవారికి ఎప్పుడూ ఉంటాయి. రుచి చూడడానికి +6 చాలు కదా!

రాళ్ళసంచి
సరే, అందరూ ఒక విషయం దాటవేస్తున్నారు. చివరి రాయి. ఏన్షియంట్ డ్రాగన్ రాళ్ళు, సోంబర్‌లోనూ మామూలువాటిలోనూ, దుకాణంలో అంతులేకుండా దొరకవు. ఆటలో లెక్కపెట్టి ఉంటాయి. వాటిని కూడా చేతికి వచ్చిందే తడవు ఏదో ఒక కత్తికి పెట్టేయమంటారా?

సుత్తిదెబ్బ
అనను. అక్కడ మీ మాటే నా మాట. +24 దాకా ధారాళంగా పెట్టండి, +25కి మాత్రం ఆగి ఆలోచించండి. సోంబర్‌లో +9 దాకా పెట్టండి, +10కి ఆగండి. ఆ చివరి మెట్టు తేడా కూడా కొంచెమే. ఆట పూర్తి చేయడానికి +24తో ఏ లోటూ ఉండదు.

రాళ్ళసంచి
అయితే మనిద్దరి మధ్య గొడవ ఎంత దూరం దాచాలన్నదే.

సుత్తిదెబ్బ
అవును. మీరు +6 దగ్గర ఆగమంటున్నారు, నేను +24 దగ్గర.

హోసూరురోడ్డు
కలిసి ఆడే అలవాటు ఉన్నవారికి ఒక మాట. ఆన్‌లైన్‌లో ఎవరు ఎవరికి దొరుకుతారో లెవెల్ ఒక్కటే నిర్ణయించదు. మీ దగ్గర ఉన్న ఆయుధాల్లో అత్యధిక అప్‌గ్రేడ్ స్థాయి కూడా చూస్తుంది. ఆ కత్తి చేతిలో లేకపోయినా, పెట్టెలో పడేసినా లెక్కలోకి వస్తుంది. లెవెల్ 40 దగ్గర కత్తి +20 చేస్తే మీకు దొరికే తోడు తగ్గిపోతారు, మీ మీదకు వచ్చేవారు కూడా ఆ స్థాయివారే ఉంటారు. సోంబర్ +10ని మామూలు +25తో సమానంగా చూస్తుంది. బాణం గారు చెప్పిన సమానత ఇక్కడ కూడా అదే.

మిత్రులతో ఆడేవారికి ఈ చింత లేదు. ఇద్దరూ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకుంటే స్థాయి తేడా అడ్డు రాదు, బలంగా ఉన్న అతిథి బలాన్ని ఆటే తగ్గిస్తుంది.

మారతహళ్ళి_వీరుడు
గదిలో ఇద్దరికీ కలిపి ఒకే కన్సోల్ కాబట్టి కలిసి ఆడే ప్రసక్తి లేదు. అన్నట్టు నిన్న చీకట్లో ఇంకో ఇబ్బంది వచ్చింది. కంట్రోలర్ ఎడమ స్టిక్ దానంతట అదే పక్కకు లాగుతోంది. కొండ అంచు దారిలో రెండుసార్లు లోయలోకి పోయాను.

రాత్రిబండి
ఎస్పీ రోడ్డుకు తీసుకెళ్ళండి. ఆ సందుల్లో విడిభాగాలు దొరుకుతాయి, మీ కళ్ళ ముందే విప్పి మార్చేవారు ఉంటారు. దగ్గర నిలబడి చేయించుకోండి, వదిలేసి రాకండి. నేను ఒక చోట వదిలేసి వస్తే పాత భాగాన్నే తుడిచి పెట్టి ఇచ్చారు.

మారతహళ్ళి_వీరుడు
ఆదివారం వెళ్తాను.

రాత్రిబండి
ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి. శనివారం పొద్దున వెళ్ళండి.

వేదిక_పర్యవేక్షకుడు
కంట్రోలర్ మరమ్మతుల గురించి వేరే చర్చ మొదలుపెట్టండి, ఉపయోగపడే విషయమే కాబట్టి దాన్ని పైన అతికిస్తాను. ఇక్కడ కత్తులు, రాళ్ళు.

కోలారు_కోడలు
రాళ్ళ మాట వచ్చింది కాబట్టి. ఆట మొదలయ్యే లిమ్‌గ్రేవ్ ప్రాంతంలో అగీల్ చెరువు పక్కన డ్రాగన్-బర్న్ట్ శిథిలాలు ఉన్నాయి కదా, అక్కడ నేలమాళిగలో పెట్టె తెరిస్తే పొగ వచ్చి ఎక్కడికో పట్టుకుపోతుంది. పోయేది సెల్లియా క్రిస్టల్ టన్నెల్‌కు. మొదటిసారి ఆడేవారికి గుండె ఆగినంత పని. కానీ ఆ గని చివర ఉన్న ఫాలింగ్‌స్టార్ బీస్ట్‌ను ఓడిస్తే సోంబర్ రాళ్ళ మొదటి బెల్ బేరింగ్ వస్తుంది, 1, 2 రకాలు దుకాణంలోకి వస్తాయి. ఆ గని ఎక్కడో గుర్తు పెట్టుకోండి, బలం వచ్చాక తిరిగి వెళ్ళండి. రెండో సోంబర్ బేరింగ్ ఆల్టస్ టన్నెల్‌లో, అక్కడ ఇద్దరు క్రిస్టలియన్లు ఒకేసారి వస్తారు.

నిదానమే_ప్రధానం
ఆ పెట్టె తెరిచి మా తమ్ముడు గంటసేపు ఏడుపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. బయటికి నడిచి వచ్చి గ్రేస్ (ఆగి సేద తీరే వెలుగు చోటు) తాకితే అక్కడి నుంచి ఎక్కడికైనా వెళ్ళవచ్చని చెప్తే ప్రాణం లేచి వచ్చింది.

మంత్రదండం
అప్‌గ్రేడ్ అంటే కత్తి ఒక్కటే అనుకోకండి. డాలును అప్‌గ్రేడ్ చేస్తే దెబ్బ కాసినప్పుడు పోయే దమ్ము తగ్గుతుంది. పోరులో తోడుగా పిలిచే స్పిరిట్ యాషెస్‌ను కూడా రోడెరికా దగ్గర +10 దాకా పెంచవచ్చు. దానికి గ్లవ్‌వర్ట్ పూలు కావాలి, మీ రాళ్ళ జోలికి రాదు. స్టార్మ్‌హిల్ గుడిసెలో కూర్చుని ఏడుస్తూ ఉండే ఎర్ర ముసుగు అమ్మాయే రోడెరికా. ఆమెతో ఓపికగా మాట్లాడినవారికే ఆమె తర్వాత రౌండ్‌టేబుల్‌లో పనికి వస్తుంది.

కోరమంగళ_కొలిమి
ఆమెకు ఆ పని నేర్పడానికి రౌండ్‌టేబుల్ కమ్మరి హ్యూగ్ ఒప్పుకునే సంభాషణ ఈ ఆటలో నాకు అత్యంత ఇష్టమైన ఘట్టాల్లో ఒకటి. సంకెళ్ళతో కూర్చుని రాత్రీ పగలూ సుత్తి కొట్టే మనిషి ఆయన. కత్తి ఇచ్చి పుచ్చుకోవడమే కాకుండా ప్రతిసారీ ఆగి ఆయనతో మాట్లాడండి. కథ ముందుకు పోయేకొద్దీ ఆయన మాటలు మారుతుంటాయి.

మారతహళ్ళి_వీరుడు
అందరికీ చెప్పుకోవాలని వచ్చాను. వసంత అక్క చెప్పిన కొండ అంచు దారి పట్టాను. గని దొరికింది, క్రిస్టలియన్‌ను ఎగిరి ఎగిరి కొట్టి కూల్చాను. బేరింగ్ హస్క్స్‌కు ఇచ్చాను. క్లేమోర్ +6, ఫ్యాంగ్ +3. విగర్ 28. నిన్న రాత్రి గాడ్రిక్ పడ్డాడు. రెండో సగంలో డ్రాగన్ తల తగిలించుకున్నాక కూడా నా దెబ్బకు ప్రాణం గీత కదులుతుంటే కనబడింది, మొదట్లో అది అసలు కదిలేది కాదు. మిత్రుడు పక్కనే కూర్చుని చూశాడు. పడగానే నాకంటే ముందు అతనే కేక పెట్టాడు, కింది అంతస్తు కన్నడ ఆంటీ పైకి వచ్చి ఏమైందని అడిగారు!

ఇప్పుడు అతను కూడా తన ఆటలో దాచిన రాళ్ళన్నీ బయటికి తీస్తున్నాడు.

రాళ్ళసంచి
అభినందనలు. మీ మిత్రుడికి చెప్పండి, డ్రాగన్ రాళ్ళు మాత్రం తీయవద్దని.

బెళ్ళందూరు_బాణం
ఏ కత్తితో పడ్డాడు?

మారతహళ్ళి_వీరుడు
మొదటి సగం ఫ్యాంగ్, రెండో సగం క్లేమోర్.

సుత్తిదెబ్బ
బాగుంది. ఇక స్టార్మ్‌వేల్ వదిలే ముందు అక్కడే ఐరన్ వెట్‌బ్లేడ్ అనే సాన సాధనం తీసుకోండి. ఇంప్ విగ్రహం అడ్డున్న గది వెనక ఉంటుంది, స్టోన్‌స్వోర్డ్ కీ ఒకటి ఖర్చవుతుంది. గేట్‌ఫ్రంట్ శిథిలాల కింద వెట్‌స్టోన్ నైఫ్ ఇప్పటికే తీసుకున్నారనుకుంటాను, అది లేకపోతే ఇది పనిచేయదు. ఈ రెండూ ఉంటే క్లేమోర్‌ను హెవీ చేసుకోవచ్చు. హెవీ అంటే స్ట్రెంత్ స్కేలింగ్ పెరుగుతుంది, డెక్స్టెరిటీ స్కేలింగ్ పోతుంది. రెండు చేతులతో పట్టుకుంటే స్ట్రెంత్‌ను ఒకటిన్నర రెట్లుగా లెక్కిస్తుంది, మీ 26 కాస్తా 39 అవుతుంది. దీనికి ఒక్క రాయి కూడా ఖర్చు లేదు. గ్రేస్ దగ్గర కూర్చుని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, కత్తి స్థాయి అలాగే ఉంటుంది.

హోసూరురోడ్డు
హెవీకి తగిన ఆష్ కావాలంటే కేలిడ్‌లో ఫోర్ట్ గేల్ దగ్గర సింహం లాంటి జీవి ఉంటుంది, దాన్ని కొడితే లయన్స్ క్లా వస్తుంది. క్లేమోర్ మీద చూడడానికి ఎంత బాగుంటుందో చెప్పలేను.

నిదానమే_ప్రధానం
నిప్పు, మంత్రం, పవిత్రం లాంటి అఫినిటీల జోలికి ఇప్పుడే వెళ్ళకండి. దెబ్బ రెండుగా చీలుతుంది, శత్రువు రక్షణ రెండు సగాల మీదా విడివిడిగా కోత కోస్తుంది. తెర మీద అంకె పెద్దగా కనిపించినా తగిలేది తక్కువ. స్ట్రెంత్ ఉన్నవారికి హెవీనే మేలు.

మారతహళ్ళి_వీరుడు
హెవీ చేశాను. ఇక +7కి 3 రకం రాళ్ళు కావాలి. అవి ఎక్కడ వెతకాలి? అలాగే డీఎల్‌సీ (ఆటకు తర్వాత వచ్చిన అదనపు భాగం) దాకా వెళ్తే కత్తిని +25 కంటే పైకి పెంచవచ్చా?

కోలారు_కోడలు
డీఎల్‌సీలో కత్తి గరిష్ఠం పెరగదు. 2024లో వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీలో బలం వేరే దారిలో వస్తుంది. స్కాడుట్రీ ఫ్రాగ్మెంట్లు ఏరుకుని గ్రేస్ దగ్గర ఇస్తే మీరు కొట్టే దెబ్బ పెరుగుతుంది, మీకు తగిలే దెబ్బ తగ్గుతుంది. ఇరవై స్థాయిలు ఉన్నాయి, ఆ లోకంలో మాత్రమే పనిచేస్తాయి. ఇది తెలియక +25 కత్తితో వెళ్ళి ఆట చాలా కష్టం అని తిట్టుకున్నవారు చాలామంది ఉన్నారు. అయినా రాడాన్, మోగ్ అనే బాస్‌లను ఓడించాకే అక్కడికి దారి తెరుచుకుంటుంది, మీకు ఇంకా చాలా దూరం.

వైట్‌ఫీల్డ్_వసంత
3 రకం రాళ్ళు లియూర్నియాలోనే అక్కడక్కడా దొరుకుతాయి, కనిపించిన ప్రతి గనిలోకీ దిగు. కేరియా మేనర్‌కు వెళ్ళే దారిలో ఇజీ అనే పెద్దాయన కూర్చుని ఉంటాడు, ఆయన దగ్గర కూడా కొన్ని రాళ్ళు కొనుక్కోవచ్చు. ఆయనే అక్కడికక్కడ +12 దాకా అప్‌గ్రేడ్ చేస్తాడు, ప్రతిసారీ రౌండ్‌టేబుల్‌కు రావలసిన పని లేదు. 3, 4 రకాలు అంతులేకుండా కావాలంటే ఆల్టస్ చేరాక లెయిండెల్ రాజధాని బయట సీల్డ్ టన్నెల్‌లో రెండో బేరింగ్ ఉంటుంది. అక్కడ గోడలను కొట్టి చూసుకుంటూ వెళ్ళు తమ్ముడూ, కొన్ని నిజమైన గోడలు కావు.